రుస్తాఖ్‌కు పోయిన పాత షెవర్లే

హిలాల్ బ్యాగు సర్దేటప్పుడు పెంచలమ్మ చేతులు ఎప్పుడూ తొందరపడవు. రెండు రోజుల మాటే. అల్ హైల్ నుంచి రుస్తాఖ్‌లో తాతగారింటికి శుక్రవారం మధ్యాహ్నం పోతే, శనివారం పొద్దుగూకేలోపల వచ్చేస్తాడు. అయినా పొడుగు అంగీల్లాంటి దిష్‌దాషాలు రెండు చాలవని మూడోది కూడా ఇస్త్రీ మడత నలగకుండా పరిచింది. కుట్టుపని టోపీ అణిగిపోకుండా దాని కడుపులో తువ్వాలు కుక్కింది. తాతకు ఇష్టమని చేసిన ఓళిగలు డబ్బాలో పెట్టి, డబ్బాకు గుడ్డ చుట్టి, ఒక పక్కకు దోపింది. జిప్పు మాత్రం లాగలేదు. ఒకరి బ్యాగు జిప్పు తన చేత్తో మూస్తే వాళ్ళను తనే పంపేసినట్టవుతుందని ఆమెకొక భయం.

ఆ భయం ఊరికే పట్టుకున్నది కాదు. పెళ్ళయిన మూడో ఏడు మొగుడు కువైట్‌కని రాజంపేటలో బస్సెక్కాడు. కొన్నాళ్ళు ఫోన్లు వచ్చాయి, తర్వాత నంబరు మారింది, ఆ తర్వాత మనిషే మారిపోయాడని ఎవరో చెప్పారు. అమ్మ పోయాక పన్నెండేళ్ళ తమ్ముడు వీరబ్రహ్మాన్ని పిన్నమ్మ చేతిలో పెట్టి తను ఇంటిపనికి ఒమన్ వచ్చింది. ఆ రోజు వాడు ఏడవలేదు. బస్సు కదిలేదాకా ఆమె పైట కొంగు పట్టుకొని, కదిలినాక వదిలిపెట్టాడు. అంతే. వాణ్ణి మళ్ళీ కళ్ళారా చూసింది వాడికి మీసాలొచ్చి, పెళ్ళయి, ఇద్దరు పిల్లలు పుట్టిన తర్వాత. ఇంటి యజమాని బాబా నాసర్‌ను ఎన్ని ఏళ్ళు బతిమాలిందో, చివరికి ఆయన తన గ్యారేజీలోనే వాడికి వీసా ఇచ్చాడు. నాలుగేళ్ళుగా తమ్ముడు రెండు వీధుల అవతల ఉన్నాడు. ఇప్పటికీ వాడి రూమ్ వైపు పోయినప్పుడల్లా వాడి చెప్పులు బయట ఉన్నాయా లేదా అని ముందు చూస్తుంది.

హిలాల్ బాబాకు ఒక్కడే కొడుకు. పెంచలమ్మ వచ్చేనాటికి నాలుగేళ్ళవాడు. ఆమె చేతి ముద్దలు తిని పెరిగాడు, ఆమె మాట సగం నేర్చుకున్నాడు. బ్యాగు తెరిచి చూసి, తను తాతను చూడ్డానికి పోతున్నానా లేక పెళ్ళికి పోతున్నానా అని అడిగాడు.

"పెళ్ళికైతే ఇంకో బ్యాగు సర్దేదాన్ని. ఆ పిల్ల ఎవరో ముందు చూపించు," అంది.

వాడు నవ్వి జిప్పు లాగాడు. నమాజు అయ్యాక గ్యారేజీకి పోయి బండిని ఒకసారి చూసుకొని అట్నుంచి అటే పోతానన్నాడు. ఆమె సరేనంది. జీపు గేటు దాటేదాకా నిలబడి, తర్వాత వంటింట్లోకి పోయింది.

బండి అంటే ఆ యింట్లో ఇప్పుడు ఒకటే బండి. యాభై ఏడో సంవత్సరపు అమెరికా షెవర్లే. వెనక రెండు వైపులా చేప రెక్కల్లాంటి రేకులు లేచి ఉంటాయి. హిలాల్ తాత పడుచువాడుగా ఉన్నప్పుడు కువైట్‌లో ఒక వ్యాపారి దగ్గర సరిగ్గా ఇలాంటి బండికే డ్రైవరు. ఎనభై ఆరేళ్ళు వచ్చినా ఆయన కథలన్నీ ఆ బండి దగ్గరే మొదలై ఆ బండి దగ్గరే ఆగుతాయి. ఆయన కళ్ళు పూర్తిగా మూతపడేలోగా ఆయన్ను అందులో కూర్చోబెట్టాలని హిలాల్ పంతం. రెండేళ్ళు వెతికి వెతికి, ఖబూరాలో సముద్రం పక్క తోటలో ఒకటి కనిపెట్టాడు. ఈతాకుల కప్పు కింద, మేకలు పడుకునే చోట. ఉప్పుగాలికి అడుగురేకు చేత్తో నొక్కితే పెంకులుగా రాలింది. దాన్ని లారీ మీద వేసుకొని అల్ హైల్ తెచ్చిన రోజు మామా రయ్యా, అంటే హిలాల్ తల్లి, కొడుకు మేకల కొట్టాన్ని కొనుక్కొచ్చాడని నవ్వింది. దాన్ని బతికించగలవా అని హిలాల్ వీరబ్రహ్మాన్ని అడిగాడు. వాడు చుట్టూ ఒకసారి తిరిగి, చేతి వేలితో రేకును తట్టి, ఇది చచ్చిపోలా, నిద్రపోయిందంతే అన్నాడట.

ఎనిమిది నెలలు పట్టింది. వీరబ్రహ్మం కమ్మరి పనివాళ్ళ బిడ్డ. తుప్పు తిన్నంత మేరా రేకు కోసి, కొత్త రేకు సుత్తితో వంచి అతికాడు. పాత ఇంజను తీసి కొత్తది కూర్చోబెట్టారు. తాత ఎండకు ఓర్చలేడని ఏసీ పెట్టించారు, అదికూడా బయటికి కనపడకుండా. సీట్లు తెలుపూ ఎరుపూ. రంగు మాత్రం తాత చెప్పిందే, లేత సముద్రపు పచ్చ, పైకప్పు తెలుపు. మూడుసార్లు రంగు వేసి మూడుసార్లు గీకేశారు, ఆయనకు గుర్తున్న పచ్చ రాలేదని.

ఆ గ్యారేజీలో ఒక పద్ధతి ఉంది. పని పూర్తికాని బండికి స్టీరింగు మీద ఎర్రగుడ్డ కడతారు. గుడ్డ ఉన్న బండిని బాబా అయినా సరే ముట్టుకోడు. అది బాబా పెట్టిన పద్ధతే. ఆయన తమ్ముళ్ళలో ఒకడు అప్పట్లో సరిగా బిగించని చక్రం ఊడి రోడ్డు మీద చనిపోయాడు. అప్పటినుంచి, పని తేలకుండా బండిని బయటికి వదిలిన మనిషి ఆ గ్యారేజీలో ఉండడు. పదమూడేళ్ళు పనిచేసిన పాత మెకానిక్కును కూడా ఆయన అట్లాగే పంపేశాడు. అరవలేదట, తిట్టలేదట. లెక్క చూసి, టికెట్టు చేతిలో పెట్టాడట. ఆ మాట వీరబ్రహ్మం చెప్పినప్పుడు పెంచలమ్మకు ఆ రాత్రి నిద్రలేదు.

గురువారం సాయంత్రం ఆమె గ్యారేజీకి పోయింది. తెల్లారితే నవమి, ఆయుధ పూజ. షట్టరు వేసుకొని మీ పండగ మీరు చేసుకోమని బాబా ఏటా చెప్పేవాడు, ఈసారి శుక్రవారం ఎటూ సెలవే. ఆమె పోయేసరికి వీరబ్రహ్మం బండి కింద ఉన్నాడు. వెనక చక్రం దగ్గర బ్రేకు గొట్టం చెమ్మగిల్లుతోందని విప్పి, కొత్త వాషరు వేసి, మరను చేత్తో తిప్పి పెడుతున్నాడు. పొద్దు వాలుతోంది, పనిముట్లు కడిగి అమ్మవారి ముందు పెట్టాలి, ఒకసారి పెట్టినాక ఎల్లుండి దాకా ముట్టకూడదు, లేచి రారా అని ఆమె గొణిగింది. ఇదొక్కటి బిగించి వస్తానన్నాడు. పానా ఆమె చేతిలోనే ఉంది, అప్పటికే కడిగేసింది, పసుపు కూడా రాసేసింది.

"శనివారం బిగిద్దువులే. ఈలోపల బండి యాడికన్నా లేచి పోతాదా?"

వాడు నవ్వి బయటికి వచ్చాడు. పానాలు, సుత్తులు, కత్తెర్లు అన్నీ వరసగా పేర్చి కుంకుమ పెట్టారు. బండిని తుడిచి బొట్లు పెట్టారు. స్టీరింగు మీద ఆ ఎర్రగుడ్డ నూనె ఓడుతూ నల్లగా ఉంది. పండగపూట ఈ మసిగుడ్డ ఏందిరా అని ఆమే ముడి విప్పింది. వీరబ్రహ్మం చూశాడు. శనివారం దాకా గ్యారేజీ తెరిచేవాళ్ళే లేరు కదా అనుకున్నాడు. గుడ్డ ఉన్నచోట బంతిపూల దండ చుట్టాడు. నాలుగు చక్రాల కింద నాలుగు నిమ్మకాయలు పెట్టాడు, శనివారం పని అయినాక తొక్కిద్దామని.

శుక్రవారం నమాజు వేళ దాటాక ఆమె చిత్రాన్నం, వడలు గిన్నెలో పెట్టుకొని తమ్ముడి రూమ్‌కు పోయింది. ఇద్దరూ కలిసి అమ్మవారికి చూపించి తిందామని గ్యారేజీకి నడిచారు. బయట హిలాల్ జీపు ఉంది. షట్టరు సగం ఎత్తి ఉంది.

లోపల బండి లేదు. నేల మీద నాలుగు నిమ్మకాయలు చితికి ఉన్నాయి.

పెంచలమ్మకు ముందు సంతోషమే కలిగింది, పిల్లోడు ముచ్చటపడి బండి తీసుకుపోయాడని. తమ్ముడి ముఖం చూశాక గిన్నె కింద పెట్టింది. హిలాల్‌కు మన పండగలు తెలుసు. కొత్త బండికి దండ వేసి, నిమ్మకాయలు పెడితే ఇక బయలుదేరడమేనని చిన్నప్పుడు వాడి బొమ్మ కార్లకు ఆటగా చేసి చూపించింది ఆమే. ఎర్రగుడ్డ లేదు, దండ ఉంది, కాయలు ఉన్నాయి. తన కోసమే సిద్ధం చేసి పెట్టారనుకొని ఉంటాడు.

"ఆ మర చేత్తో తిప్పిందే అక్కా. పానా పట్టలా," అన్నాడు వీరబ్రహ్మం.

"అంటే ఏమైతాది?"

"తొక్కినప్పుడల్లా కొంచెం కొంచెం నూనె కారతాది. ఈ పాత బండికి నాలుగు చక్రాలకూ ఒకటే నూనె. అదైపోతే ఒక్క చక్రం గూడా నిలబడదు."

ఆమె హిలాల్‌కు ఫోన్ చేసింది. మోగింది. రెండోసారి చేసినప్పుడు ఆ మోత ఎక్కడినుంచి వస్తోందో ఇద్దరికీ తెలిసింది. తాళం వేసిన జీపులో, చార్జింగుకు పెట్టిన ఫోను వెలుగుతూ ఆరుతూ ఉంది. బండి మీది మోజులో మరిచిపోయి పోయాడు.

వీరబ్రహ్మం అమ్మవారి ముందునుంచి పానా తీశాడు. పూజలో ఉన్నది తీయకూడదనే మాట ఆమె నోటిదాకా వచ్చి ఆగింది. గ్యారేజీ పికప్ తీశాడు, ఆమె పక్కన ఎక్కింది. పాత బండి, వాడు మెల్లగా అపురూపంగా తోలుతుంటాడు, పెద్ద రోడ్డు మీద బ్రేకు తొక్కే పనుండదు, బర్కా ఊరు రాకముందే అందుకుంటాం, పక్కకు ఆపించి అర నిమిషంలో బిగిస్తా, ఎవరికీ తెలియాల్సిన పని లేదు, అని వాడు చెబుతూనే ఉన్నాడు. ఆమె ముందు పోయే ప్రతి బండినీ చూస్తోంది. తెల్లవి, బూడిదరంగువి, మళ్ళీ తెల్లవి. ఎంత దూరం చూసినా సముద్రపు పచ్చ కనపడలేదు.

ఫోను ఆమె ఒళ్ళో ఉంది. అందులో అన్నిటికంటే ముందుండేది బాబా నంబరే. ఆయనకు చెబితే రుస్తాఖ్‌లో అన్నదమ్ములను, మేనల్లుళ్ళను రోడ్డు మీదికి పంపగలడు. వీరబ్రహ్మం అది కనిపెట్టాడు.

"బాబాకు చేస్తావా?"

"చెయ్యాలేమోరా."

"చేసినాక నన్ను ఈడ ఎవరుంచుతారో అది గూడా నువ్వే చెప్పు."

ఆమె ఫోను బోర్లా తిప్పి పెట్టింది. నాలుగేళ్ళు. వాడి రూమ్ బయట చెప్పులు. సెలవు రోజున వాడు పళ్ళెం ముందు కూర్చొని, ఉప్పు ఎక్కువైందని కావాలనే తగువు పెట్టుకోవడం. ఇంకో పది నిమిషాలు చూద్దాంలే అని తనకు తనే చెప్పుకుంది. ఆ పది నిమిషాల్లో హిలాల్ ఎన్నిసార్లు బ్రేకు తొక్కుతాడో అని వెంటనే అనుకుంది. చిన్నప్పుడు జ్వరమొస్తే వాడు తల్లి దగ్గరికి కాకుండా తన గదికి వచ్చి, చాప మీద చోటు చేసుకొని పడుకునేవాడు.

బర్కా వచ్చింది. అక్కడ దారి రెండుగా పోతుంది. రుస్తాఖ్‌కు సముద్రం వెంబడి నేరుగా కొంతదూరం పోయి లోపలికి మళ్ళవచ్చు, లేదా ఇక్కడే మళ్ళి నఖల్ మీదుగా కొండల పక్కన పోవచ్చు. మొదటిది చదును. రెండోది ఎత్తుపల్లాలు, వాగులు దాటే చోట రోడ్డు కిందికి దిగి పైకి లేస్తుంది. వీరబ్రహ్మం రోడ్డు పక్కన పికప్ ఆపాడు. హిలాల్ ఏ దారిన పోయాడో తెలియదు. వాళ్ళకున్నది ఒకే బండి.

వాడు స్టీరింగు మీద తల ఆన్చి అక్క వైపు చూడకుండా ఉన్నాడు. చెయ్యమనలేదు, వద్దనలేదు. ఆమె ఫోను చెవిన పెట్టుకుంది.

బాబాకు ఆమె అరబ్బీ అలవాటే. హిలాల్ పాత బండి తీసుకుపోయాడు, బ్రేకు నిలబడదు, ఫోను జీపులోనే ఉంది అని మూడు ముక్కల్లో చెప్పింది. ఆయన ఒక్కటే అడిగాడు, ఈ మాట నీకెవరు చెప్పారని. వీరబ్రహ్మం అని చెప్పింది. ఆయన ఫోన్ పెట్టేశాడు.

వాళ్ళు నఖల్ దారి పట్టారు, హిలాల్ కొండలంటే ఇష్టపడతాడని ఆమె చెబితే. ప్రతి పల్లం దగ్గరా వీరబ్రహ్మం వేగం తగ్గించి రోడ్డు పక్క లోతులోకి చూసేవాడు. ఆమె చూడలేకపోయింది. వాడు మళ్ళీ వేగం పెంచితేనే, అక్కడ ఏమీ లేదని తెలిసేది. ఒక చోట రోడ్డు మీద టైరు గుర్తులు అడ్డంగా పడి ఉన్నాయి. వాడు దిగి చూసి వచ్చి, పాతవిలే అన్నాడు.

రుస్తాఖ్ ఇంకా కొంతదూరం ఉందనగా జనం కనిపించారు.

తర్వాత హిలాల్ చెప్పిందాన్ని బట్టి ఆమెకు తెలిసింది ఇది. వాగులు దాటేటప్పుడే బ్రేకు మెత్తబడినట్టు వాడికి అనిపించింది, పాత బండి కదా అనుకున్నాడు. ఊరి ముందు పెట్రోలు బంకు దగ్గర, బాబా ఫోన్ చేస్తే వచ్చిన చిన్నాన్న రోడ్డు మధ్యకు వచ్చి తలపాగా విప్పి ఊపుతున్నాడు. ఆయన్ను చూసి బ్రేకు తొక్కితే కాలు అడుగురేకు దాకా పోయింది. మళ్ళీ తొక్కాడు, మళ్ళీ పోయింది. చిన్నాన్న పక్కకు తప్పుకున్నాడు. ముందు వంద గజాల్లో చౌరస్తా, అక్కడ పిల్లలతో నిండిన ఒక వ్యాను ఆగి ఉంది. వాడు గేరు కిందికి లాగి, చేతి బ్రేకు పట్టి, బండిని పక్కనున్న ఎండిన వాగులోని గులకరాళ్ళలోకి తిప్పేశాడు. ఇల్లు కట్టేవాళ్ళు పోసుకున్న ఇసుక కుప్పకు ముక్కు గుద్దుకొని ఆగింది.

పెంచలమ్మ దిగేసరికి హిలాల్ ఒక రాయి మీద కూర్చొని నీళ్ళు తాగుతున్నాడు. నొసట గోరంత బొప్పి. ఆమెను చూసి, పెంచా, ఓళిగలు పగిలిపోలేదు అన్నాడు. ఆమె వాడి నెత్తి, భుజాలు, చేతులు వరసగా తడిమింది.

వీరబ్రహ్మం ఎవరివైపూ చూడకుండా గులకరాళ్ళ మీద వెల్లకిలా పడుకొని బండి కిందికి దూరాడు. కుంకుమ అంటిన పానాతో ఆ మర బిగించాడు. ఇప్పుడెందుకని ఎవరో అన్నారు. వాడు వినలేదో, విన్నా ఆపలేదో.

బాబా నాసర్ వచ్చాక ముందు కొడుకును పట్టుకొని నుదురు మీద ముద్దు పెట్టుకున్నాడు. తర్వాత బండి తలుపు తీసి స్టీరింగు మీది దండ చూశాడు. గుడ్డ ఎవరు తీశారని అడిగాడు.

"నేను తీసినా బాబా," అంది పెంచలమ్మ. వీరబ్రహ్మం కింద నుంచి లేస్తూ, తనే తీశానన్నాడు. ఆయన ఇద్దరినీ మార్చి మార్చి చూశాడు. ఆమె మళ్ళీ చెప్పింది. పానా కడిగిందీ తనే, లేచి రమ్మని గొణిగిందీ తనే, గుడ్డ విప్పిందీ తనే, పంపాలంటే తనను పంపమంది.

"గుడ్డ నువ్వు తీశావు. నిజం కూడా నువ్వే చెప్పావు, దానికి నేను బతికినన్నాళ్ళూ నీకు బాకీ," అన్నాడాయన. "మర ఎవరిది?"

"నాది," అన్నాడు వీరబ్రహ్మం.

బాబా తల ఊపి, బండిని ఎత్తుకుపోయే లారీకి ఫోన్ చేయడానికి పక్కకు పోయాడు.

వీరబ్రహ్మాన్ని పంపేస్తారని తెలిసి హిలాల్ ఊరుకోలేదు. తండ్రితో రెండు వారాలు వాదించాడు, నాలుగు రోజులు అన్నం మానేశాడు, చివరికి తాత చేత కూడా చెప్పించాడు. వీరబ్రహ్మం నోరు విప్పకపోయి ఉంటే తను బతికి ఉండేవాడు కాదన్నాడు. ఒకరిని మినహాయిస్తే ఆ గుడ్డకు విలువేముంటుంది, నా తమ్ముడికి ఎవరూ ఎర్రగుడ్డ కట్టలేదు అని బాబా జవాబు. మామా రయ్యా వంటింట్లోకి వచ్చి పెంచలమ్మ పక్కన నేల మీద కూర్చొని, ఆయన ఈ ఒక్క విషయంలో రాయి, ఏం చెయ్యను అంది. వీరబ్రహ్మం మాత్రం ఎవరినీ ఏమీ అడగలేదు. మిగిలిన రోజులు గ్యారేజీకి పోయి, బండి నొక్కుకుపోయిన ముక్కును మళ్ళీ సుత్తితో తీర్చి, పచ్చరంగు వేసి, తాతను ముందు సీట్లో కూర్చోబెట్టి అల్ హైల్ వీధుల్లో ఒక చుట్టు తిప్పాడు, హిలాల్ వెనక సీట్లో ఉన్నాడు. తాత దారి పొడుగునా కువైట్ కబుర్లు చెప్పాడట. రంగు మాత్రం ఇంకా సరిగా రాలేదన్నాడట.

ఆ రాత్రి పెంచలమ్మ తమ్ముడికి అన్నం పెట్టి, బాబాకు ఫోన్ చేసినందుకు తనమీద కోపముందా అని అడిగింది.

"కోపమెందుకు. నువ్వు చెయ్యకుంటే నేను చేసుండేవాణ్ణా లేదా అని రోజూ నన్ను నేనే అడుక్కుంటాండా. జవాబు రాలే అక్కా," అన్నాడు. ఇంకొంచెం కూర వెయ్యమన్నాడు.

హిలాల్ ఆ పండగ శుక్రవారం చీకటి పడేలోపలే ఇంటికి తిరిగి వచ్చాడు. వీరబ్రహ్మం రెండువేల ఇరవైనాలుగు నవంబరు రెండో తేదీ శనివారం ఒమన్ విడిచి ఊరికి పోయాడు. మళ్ళీ రాలేదు.